లోపలి ద్వారం: మణికట్టు దగ్గర ఒక ఆక్యుపంక్చర్ బిందువు

అరచేయి పైకి ఉండేలా ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకోండి. మణికట్టు దగ్గర అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతకు ఆనించి కుడిచేతి ఉంగరపు వేలు, దాని పక్కన మధ్య వేలు, ఆ పైన చూపుడు వేలు మోచేతి వైపుగా వరుసగా పరచండి. చూపుడు వేలి పై అంచు ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని, ఎడమ పిడికిలి కొద్దిగా బిగించి మణికట్టును లోపలికి వంచండి. చర్మం కింద రెండు తాళ్లలాంటివి లేచి కనబడతాయి. గుర్తు పెట్టుకున్న ఎత్తులో ఆ రెండు తాళ్ల మధ్య ఉన్న పల్లమే చైనా వైద్యులు 'నెయ్ గ్వాన్' అని పిలిచే బిందువు. ఆ పేరుకు 'లోపలి ద్వారం' అని అర్థం. అంతర్జాతీయ పట్టికల్లో దీన్ని పీసీ 6 అంటారు. పెరికార్డియం అనే మార్గంలో ఇది ఆరో బిందువు.

మీకు ఒక్క తాడే కనబడితే కంగారు పడకండి. పామారిస్ లాంగస్ అనే సన్నని కండరం కొందరికి పుట్టుకతోనే ఉండదు. అది లేకపోయినా చేతి పనికి ఏ లోటూ రాదు.

ఆక్యుపంక్చర్ బిందువులు 361 ఉన్నాయని నేటి ప్రామాణిక పట్టిక చెబుతుంది. వాటిలో ఆధునిక వైద్యులు ఎక్కువగా పరీక్షకు పెట్టినవాటిలో నెయ్ గ్వాన్ ఒకటి. ఘాట్ రోడ్డు ప్రయాణంలో కడుపులో తిప్పడం దగ్గర నుంచి ఆపరేషన్ తర్వాత వాంతుల దాకా దీని మీద ప్రయోగాలు జరిగాయి. మరోవైపు గుండెదడ, భయం, దుఃఖం, నిద్రలేమి కూడా ఇక్కడే తగ్గుతాయని చైనా వైద్య గ్రంథాలు అంటాయి. ఒకే బిందువుకు కడుపుతోనూ మనసుతోనూ సంబంధం ఎందుకు కట్టారు? అందులో ఎంతవరకు పరీక్షకు నిలిచింది?

ఎవరి వేలు కొలత?

చైనా వైద్యంలో దూరాన్ని 'చున్' అనే కొలతతో చెబుతారు. చున్ అంటే స్థూలంగా బొటనవేలి వెడల్పు. అయితే అది వైద్యుడి బొటనవేలు కాదు, రోగిది. మణికట్టు గీత నుంచి మోచేతి మడత దాకా ఎవరికైనా 12 చున్‌లే. ఆరడుగుల మనిషికీ 12, ఐదేళ్ల పిల్లకూ 12. నెయ్ గ్వాన్ మణికట్టు గీతకు 2 చున్‌ల పైన ఉంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిస్తే దాదాపు ఆ దూరం వస్తుంది. అందుకే వేరొకరి చేతి మీద వెతికేటప్పుడు మీ వేళ్లతో కాకుండా వాళ్ల వేళ్లతోనే కొలవాలి. ఆయుర్వేదంలో అంగుళం కూడా ఇలాంటిదే. ఎవరి శరీరం గురించి మాట్లాడుతున్నామో వాళ్ల వేలే కొలబద్ద.

ఇంత చెప్పినా చైనా, జపాన్, కొరియా వైద్యులు ఒకే పేరు గల బిందువును వేర్వేరు చోట్ల గుర్తించిన సందర్భాలు చాలా ఉండేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ విభాగం చొరవతో 2006లో జపాన్‌లోని త్సుకుబాలో ఈ మూడు దేశాల నిపుణులు కూర్చుని చాలావాటిని తేల్చారు. ఆరు బిందువుల మీద మాత్రం చివరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ ఆరింటిలో రెండు నెయ్ గ్వాన్ ఉన్న మార్గంలోనివే. ఒకటి అరచేతిలో, మరొకటి మధ్య వేలి కొసన ఉంది. నెయ్ గ్వాన్ స్థానం గురించి మాత్రం పేచీ లేదు.

శరీర నిర్మాణ శాస్త్రం ప్రకారం ఆ పల్లం కింద ఏముందో మనకు బాగా తెలుసు. అక్కడ మీడియన్ నరం ఉంటుంది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరి, చేతి మధ్యగా దిగి, మణికట్టులోని ఇరుకైన సొరంగం గుండా అరచేతిలోకి వెళ్లే నరం ఇది. రోజంతా కీబోర్డు మీద పనిచేసేవాళ్లలో కొందరికి బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కేది ఈ నరం ఆ సొరంగంలో నలిగినప్పుడే. నెయ్ గ్వాన్‌లో సూది సరిగ్గా దిగినప్పుడు బరువుగా, గుంజినట్టుగా, తిమ్మిరిగా అనిపించాలని సంప్రదాయ వైద్యులు చెబుతారు. అంత పెద్ద నరం పక్కన సూది దిగితే అలా అనిపించడంలో వింత లేదు. తేలికగా తీసుకుంటే ఆ నరానికి గాయం కూడా కావచ్చు. వేలితో నొక్కడం ఎవరైనా చేయవచ్చు గానీ, సూది గుచ్చడం తెలియనివాళ్లు చేసే పని కాదు.

రాజుకు కాపలాదారు

పెరికార్డియం అంటే గుండె చుట్టూ ఉండే పొర. ఒక వైద్య విధానం గుండెను వదిలి, గుండె సంచికి ఒక మార్గం ఎందుకు కట్టిందన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో దొరుకుతుంది.

1973లో చైనాలోని హునాన్ రాష్ట్రం చాంగ్షా దగ్గర మావాంగ్‌తుయ్ అనే చోట ఒక సమాధి తవ్వారు. క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి అది. అందులో పట్టు వస్త్రం మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. శరీరంలో 11 మార్గాలు ఉన్నాయని వాటిలో ఉంది. తర్వాతి కాలంలో అందరూ చెప్పే లెక్క 12. ఆ పట్టు రాతల్లో లేనిది పెరికార్డియం మార్గమే. అంతేకాదు, మనం ఇప్పుడు అనుకునే బిందువుల పేర్లూ వాటిలో లేవు. అంటే మార్గాల ఊహ ముందు వచ్చింది, బిందువుల పట్టిక తర్వాత వచ్చింది, పెరికార్డియం మార్గం ఆ వరుసలో ఆలస్యంగా చేరింది. వేల ఏళ్ల కిందట ఒక్కసారిగా పూర్తి రూపంలో పుట్టిన విద్య అని ఆక్యుపంక్చర్ గురించి ప్రచారంలో ఉన్న మాటను ఈ ఒక్క సమాధి తప్పని తేల్చింది.

పన్నెండో మార్గం 'హువాంగ్తీ నెయ్ జింగ్' అనే సంకలనంలో కనిపిస్తుంది. చైనా వైద్యానికి పునాదిగా చెప్పుకునే గ్రంథం అది. అక్కడ శరీరాన్ని ఒక రాజ్యంలా ఊహించారు. గుండె రాజు. ఆలోచన, జ్ఞాపకం, ఎరుక అన్నీ ఆ రాజు దగ్గరే ఉంటాయి. వీటన్నిటినీ కలిపి 'షెన్' అంటారు. రాజుకు దెబ్బ తగిలితే షెన్ వెళ్లిపోతుంది, మనిషి చనిపోతాడు. కాబట్టి గుండె మీదికి వచ్చే చెడును దాని చుట్టూ ఉన్న పొర తన మీద వేసుకుంటుందని ఆ వైద్యుల వాదన. గుండెకు చికిత్స చేయాలంటే కాపలాదారు మార్గంలోనే చేయాలి. అదే గ్రంథంలో మరోచోట అవయవాలకు రాజాస్థానంలో పదవులు పంచుతూ, రొమ్ము మధ్యలో ఉండే ఒక దూతకు సంతోషాన్ని అప్పగించారు. ఆ దూత పెరికార్డియమే అని తర్వాతి వ్యాఖ్యాతలు చాలామంది భావించారు.

పేరులోని 'గ్వాన్' కూడా ఈ ఊహకు సరిపోతుంది. సరిహద్దు కనుమ దగ్గర కట్టిన కావలి ద్వారాన్ని చైనా భాషలో గ్వాన్ అంటారు. అవసరమైనవాళ్లను పోనిచ్చి, మిగతావాళ్లను ఆపే తనిఖీ ద్వారం అన్నమాట. ముంజేతికి అవతలి వైపు, సరిగ్గా దీనికి ఎదురుగా 'వాయ్ గ్వాన్', అంటే బయటి ద్వారం అనే బిందువు ఉంది. రెండూ జంట.

క్రీస్తుశకం మూడో శతాబ్దంలో హువాంగ్‌ఫు మీ అనే పండితుడు అప్పటికి చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చి సూది వైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. గుండె తడబడటం, ఊరికే ఉలిక్కిపడటం, భయం, దుఃఖం ఉన్నవాళ్లకు నెయ్ గ్వాన్ అని అందులో ఉంది. కడుపు సంగతి గట్టిగా ముందుకు వచ్చింది తర్వాతి కాలంలో. పదమూడో శతాబ్దంలో తౌ హాన్‌చింగ్ ప్రచారం చేసిన పద్ధతిలో ఎనిమిది బిందువులను జంటలుగా వాడేవారు. నెయ్ గ్వాన్‌కు పాదం మీది గోంగ్‌సున్ అనే బిందువు జంట అయింది. గుండె, రొమ్ము, జీర్ణాశయం మూడూ ఆ జంట కిందకు వచ్చాయి. నేటి చైనా పాఠ్యపుస్తకాలు ఈ రెండు పొరలనూ కలిపి చెబుతాయి: నెయ్ గ్వాన్ రొమ్ములో బిగువు విప్పుతుంది, షెన్‌ను శాంతపరుస్తుంది, కిందికి పోవలసిన జీర్ణాశయపు 'చీ' పైకి తన్నుతుంటే దాన్ని మళ్లీ కిందికి దించుతుంది.

ఇది భౌతిక అర్థం, ఇది భావోద్వేగ అర్థం అని వాళ్లు గీత గీయలేదు. ఆ గీత మనది. మన భాషను గమనించినా అది అంత గట్టి గీత కాదని తెలుస్తుంది. దుర్వార్త వింటే మనకు గుండె గుభేలుమంటుంది, పిల్లల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వికారం అన్న మాట వాంతి వచ్చేలా ఉండటాన్నీ చెబుతుంది, మనోవికారంలో కలత చెందిన మనసునూ చెబుతుంది. చైనా వైద్యులు ఇలాంటి అనుభవానికి మణికట్టు మీద ఒక చిరునామా ఇచ్చారు. ఆ చిరునామా సరైనదా కాదా అన్నది వేరే ప్రశ్న.

ఈ మధ్య ఆరోగ్య పుస్తకాల్లో, వీడియోల్లో వినిపించే మాట ఒకటి ఉంది. నెయ్ గ్వాన్ నొక్కితే మూసుకున్న మనసు తలుపులు తెరుచుకుని ప్రేమను స్వీకరించగలుగుతామని. దీన్ని ప్రాచీన చైనా జ్ఞానం అని చెప్పేస్తారు. చాలావరకు కాదు. ఫ్రెంచి దౌత్యోద్యోగి జార్జ్ సూలియే ద మోరాన్ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఐరోపాకు ఆక్యుపంక్చర్‌ను పరిచయం చేస్తూ చీని 'శక్తి' అనీ, మార్గాలను 'మెరిడియన్లు' అనీ అనువదించాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో జె. ఆర్. వర్స్లీ పంచభూతాల ఆక్యుపంక్చర్ పేరుతో ఒక పద్ధతి నడిపి, బిందువు పేరులోని ఉపమను రోగి మనస్థితికి అన్వయించడాన్ని బాగా వ్యాప్తి చేశాడు. పాత గ్రంథాల్లో భయమూ దుఃఖమూ ఉన్న మాట నిజమే. కానీ అవి గుండెదడ, రొమ్ము నొప్పి లాంటి లక్షణాల వరుసలో ఉన్నాయి. ప్రతి బిందువుకూ ఒక మానసిక సందేశం ఉందనే ధోరణి మటుకు కొత్తది.

మనవాళ్లు చేసే ఇంకో పొరపాటు, దీన్ని మర్మ స్థానాలతో కలిపేయడం. సుశ్రుతుడు 107 మర్మాలు చెప్పాడు, మణికట్టు దగ్గర మణిబంధ మర్మం ఉన్న మాటా వాస్తవమే. కానీ శస్త్రవైద్యుడిగా ఆయన వాటిని ప్రధానంగా చెప్పింది దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్లని, కత్తి పెట్టేటప్పుడు తప్పుకోవాలని. సూది గుచ్చాల్సిన చోట్ల పట్టిక దీనికి దాదాపు వ్యతిరేకం.

కోల్‌కతా దారి

ఈ విద్య మన దేశానికి వచ్చిన దారి ఆసక్తికరమైనది. జపాన్ దాడిలో ఉన్న చైనాకు సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. వాళ్లలో ద్వారకానాథ్ కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. ఆయన 1942లో అక్కడే మరణించారు. అదే బృందంలోని బిజోయ్ కుమార్ బసు తిరిగి వచ్చి, 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కోల్‌కతాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం చేసింది. చట్టం గుర్తించడం, వైద్య శాస్త్రం రుజువు చేయడం ఒకటి కాదు. ఎవరు చికిత్స చేయవచ్చో చట్టం చెబుతుంది. చికిత్స పనిచేస్తుందో లేదో చెప్పాల్సింది ప్రయోగాలే.

బెల్‌ఫాస్ట్ మత్తు వైద్యుడు

నెయ్ గ్వాన్ విషయంలో ఆ ప్రయోగాలకు ఊపు తెచ్చింది ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మత్తు వైద్య ఆచార్యుడు జాన్ డండీ. మత్తు వైద్యులకు వాంతి పాత శత్రువు. ఆపరేషన్ తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి వికారమో వాంతో వస్తుంది. నొప్పి కన్నా అదే ఎక్కువ బాధించిందని చెప్పే రోగులు తక్కువేం కాదు. డండీ 1980లలో చిన్న స్త్రీల ఆపరేషన్ల ముందు నల్లమందు జాతి మందులు ఇచ్చే రోగుల మీద ప్రయోగాలు చేశాడు. కొందరికి నెయ్ గ్వాన్‌లో సూది గుచ్చాడు, కొందరికి మోచేతి దగ్గర సంబంధం లేని చోట గుచ్చాడు, కొందరికి ఏమీ చేయలేదు. నెయ్ గ్వాన్ గుంపులో వికారం, వాంతులు గణనీయంగా తగ్గాయి.

డండీ, ఘాలీ కలిసి 1991లో ప్రచురించిన మరో ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. సూది గుచ్చే ముందు అదే చోట చర్మం మొద్దుబారే మందు ఎక్కించారు. సూది దిగింది, కానీ వాంతుల మీద దాని ప్రభావం పోయింది. అంటే మణికట్టు నుంచి మెదడుకు వెళ్లే నరాల సందేశమే అసలు విషయం అయ్యుండాలి. అదృశ్యమైన చీ ప్రవాహాన్ని ఊహించకుండానే అర్థం చేసుకోగల వివరణకు ఇది ఒక ఆధారం.

ఒకరి ప్రయోగాలతో తేలదు కదా. అందుకే అందరి ప్రయోగాలనూ జల్లెడ పట్టి లెక్క వేసే కాక్రేన్ సమీక్షలు ముఖ్యం. 2015లో అన్నా లీ బృందం వెలువరించిన సమీక్షలో 59 ప్రయోగాలు, 7,667 మంది రోగులు ఉన్నారు. సూది, వేలి నొక్కు, విద్యుత్తు, మణికట్టు పట్టీ, అన్ని పద్ధతులూ కలిపి చూశారు. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే వికారం వచ్చే అవకాశం 32 శాతం, వాంతి వచ్చే అవకాశం 40 శాతం తగ్గింది. ఈ శాతాలు వినడానికి పెద్దవి. ఉదాహరణకు నూటికి 30 మందికి వికారం వచ్చే చోట అది సుమారు 20కి దిగుతుందని అర్థం. వాంతిని ఆపే మామూలు మందులతో పోల్చినప్పుడు పెద్ద తేడా కనబడలేదు. అయితే ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన ప్రయోగాల నాణ్యత తక్కువ స్థాయిలో ఉందని సమీక్షకులే రాశారు. ఫలితాలు ఒక ప్రయోగానికీ మరో దానికీ బాగా మారాయి కూడా. అయినా ప్రమాదం దాదాపు లేని పద్ధతి కాబట్టి, ఆపరేషన్ తర్వాత వాంతుల నివారణ మీద 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మందులతో పాటు వాడదగిన వాటిలో దీన్నీ చేర్చాయి.

ఆపరేషన్ గది దాటాక చిత్రం మసకబారుతుంది. బస్సు ప్రయాణపు వికారం మీద, గర్భిణుల వేవిళ్ల మీద వచ్చిన ఫలితాలు ఒక్క మాట మీద నిలవలేదు. మందుల దుకాణాల్లో దొరికే బొడిపె ఉన్న మణికట్టు పట్టీలు కొనేవాళ్లు ఈ సంగతి తెలిసి కొనడం మంచిది. పట్టీ వల్ల నష్టం లేదు. కానీ నీళ్లు కూడా నిలవని వేవిళ్లలో పట్టీని నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే నష్టం ఉంది.

సూదిలో ఎంత, శ్రద్ధలో ఎంత

2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం మన ప్రశ్నకు చాలా దగ్గరగా వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు తీవ్రమైన మోతాదులో కీమోథెరపీ తీసుకుంటున్న 104 మంది స్త్రీలు అందులో ఉన్నారు. అందరికీ వాంతుల మందులు ఇచ్చారు. ఒక గుంపుకు అదనంగా నెయ్ గ్వాన్‌లోనూ మోకాలి కిందనున్న మరో బిందువులోనూ సూదులు గుచ్చి విద్యుత్తు ఇచ్చారు. రెండో గుంపుకు వేరే చోట్ల పైపైన సూది గుచ్చి, విద్యుత్తు ఇస్తున్నట్టు నటించారు. మూడో గుంపుకు మందులు మాత్రమే. ఐదు రోజుల్లో వాంతుల సంఖ్య మధ్యగత విలువ మందులు మాత్రమే తీసుకున్నవాళ్లలో 15. నటించిన గుంపులో 10. నిజం చికిత్స గుంపులో 5.

ఈ మూడు అంకెలను కాసేపు చూడండి. 15 నుంచి 10కి దిగింది సరైన బిందువు వల్ల కాదు. ఎవరో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, ఏదో చేస్తున్నారన్న నమ్మకంతో కొంత, ఎక్కడైనా సరే చర్మానికి తగిలిన సూదితో కొంత అయ్యుండాలి. 10 నుంచి 5కి దిగిన రెండో సగం చోటు, లోతు, విద్యుత్తుకు చెందినది. చికిత్స ఆపాక తొమ్మిది రోజుల పాటు గమనిస్తే గుంపుల మధ్య తేడా నిలవలేదు.

అన్ని ప్రయోగాలూ ఇంత అనుకూలంగా రాలేదు. చర్మాన్ని తాకి లోపలికి మడుచుకుపోయే మొండి సూదిని తయారు చేసిన జర్మన్ వైద్యుడు స్ట్రైట్‌బెర్గర్, 2003లో 80 మంది క్యాన్సర్ రోగుల మీద అదే సూదితో నెయ్ గ్వాన్‌ను పరీక్షించాడు. శక్తిమంతమైన వాంతుల మందు ఆండాన్‌సెట్రాన్ అందరికీ అందుతుండగా, నిజం సూదికీ మొండి సూదికీ తేడా కనబడలేదు. మంచి మందు ముందే పని చేసేసిన చోట బిందువుకు చేయడానికి పెద్దగా ఏమీ మిగలలేదని ఒక వివరణ. చర్మాన్ని తాకడమే కొంత చికిత్స అయిపోయిందని మరో వివరణ.

వాంతిని నడిపే కేంద్రాలు మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే మెడుల్లాలో ఉన్నాయి. పేగుల నుంచి వేగస్ నరం మోసుకొచ్చే వార్తలు అక్కడికే చేరతాయి. రక్తంలోని విషాలను పసిగట్టే చిన్న ప్రాంతమూ అక్కడే ఉంది. గుండె వేగాన్ని, రక్తపోటును సర్దే కేంద్రాలు కూడా పక్కపక్కనే ఉంటాయి. అక్కడి నుంచి భయాన్ని నడిపే అమిగ్డలాకు తీగలు వెళతాయి, తిరిగి వస్తాయి. అందుకే కీమోథెరపీ కొన్నిసార్లు తీసుకున్నవాళ్లలో కొందరికి మందు ఎక్కక ముందే, ఆసుపత్రి వాసన తగలగానే వికారం మొదలవుతుంది. దీన్ని వైద్యులు ముందస్తు వికారం అంటారు. అది కడుపు జబ్బా, మనసు జబ్బా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో జాన్ లాంగ్‌హర్స్ట్, పెంగ్ లీ పిల్లుల మీద చేసిన పరిశోధనల్లో, ముంజేతి మీద ఇదే ప్రాంతంలో మీడియన్ నరాన్ని నెమ్మదైన విద్యుత్తుతో ప్రేరేపిస్తే, పిత్తాశయాన్ని రెచ్చగొట్టినప్పుడు పెరిగే రక్తపోటు అంతగా పెరగలేదు. ఆ ప్రభావం మెడుల్లా మీదుగానే నడిచింది. గుండె, కడుపు, భయం ఒకే బిందువు కింద చేరడానికి ఇంతకన్నా దగ్గరి శరీరధర్మ కారణం నాకు కనబడలేదు. చైనా వైద్యులకు ఇది తెలుసని దీని అర్థం కాదు. వాళ్లు గమనించిన లక్షణాలు నిజంగానే గుంపుగా వస్తాయి, అంతే.

మరి ఆందోళన, దుఃఖం, నిద్రలేమి మీద నెయ్ గ్వాన్ పనిచేస్తుందా? ఇక్కడ ఆధారం బలహీనం. వాంతిని లెక్కపెట్టవచ్చు. ఆందోళనను రోగిని అడిగి రాసుకోవాలి. పైగా ఆ ప్రయోగాలు చాలావాటిలో నెయ్ గ్వాన్‌తో పాటు చెవి మీద, కనుబొమల మధ్య, పాదాల మీద మరికొన్ని బిందువులు కలిపి వాడారు. ఫలితం వచ్చినా ఈ బిందువు వాటా ఎంతో విడదీయలేం. పదిహేను నుంచి పదికి దిగిన ఆ మొదటి సగమే ఆందోళన విషయంలో మొత్తం ఫలితం కూడా కావచ్చు.

ఈ రెండు రకాల ఆధారాలను కలిపేస్తే జరిగే ప్రమాదం ఒకటి ఉంది. నెయ్ గ్వాన్ కింద రాసే లక్షణాల పట్టిక మళ్లీ చదవండి: రొమ్ములో బిగువు, గుండెదడ, వికారం, కారణం తెలియని భయం. గుండెపోటు వచ్చినప్పుడు కనిపించే లక్షణాలూ ఇవే. ముఖ్యంగా స్త్రీలలో, మధుమేహం ఉన్నవాళ్లలో గట్టి ఛాతీనొప్పి లేకుండా వికారం, చెమట, ఆయాసం, ఆందోళనతోనే గుండెపోటు మొదలు కావచ్చు. గ్యాస్ అనో టెన్షన్ అనో అనుకుని మణికట్టు నొక్కుకుంటూ కూర్చుంటే, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవాల్సిన గంటలు గడిచిపోతాయి. ఇలాంటప్పుడు చేయాల్సింది 108కి ఫోన్.

చివరగా ఒక ప్రయోగం గురించి. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించే మందు ఎంత పనిచేస్తోందో చూడటానికి మత్తు వైద్యులు చేతి నరానికి చిన్న విద్యుత్తు తాకిస్తూ ఉంటారు. మామూలుగా అందుకు చిటికెన వేలి వైపు ఉండే అల్నార్ నరాన్ని వాడతారు. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లాపరోస్కోపీ చేయించుకుంటున్న 220 మంది స్త్రీలలో సగం మందికి ఆ ఎలక్ట్రోడ్లను నెయ్ గ్వాన్ దగ్గర మీడియన్ నరం మీద పెట్టారు. మిగతా సగానికి ఎప్పటిలాగే అల్నార్ నరం మీద. రోగులందరూ పూర్తి మత్తులో ఉన్నారు. ఎవరికి ఎక్కడ పెట్టారో వాళ్లకు తెలియదు, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పినా వినబడదు. మత్తులో ఉన్నప్పుడు చేస్తే ఈ బిందువు పనిచేయదని 1996లో వచ్చిన ఒక సమీక్ష చెప్పి ఉంది. అయినా మొదటి 24 గంటల్లో వికారమో వాంతో వచ్చినవాళ్లు అల్నార్ గుంపులో 61 శాతం, నెయ్ గ్వాన్ గుంపులో 45 శాతం. తేడా అంతా వికారంలోనే వచ్చింది. వాంతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.